ముందు ఒక్క సెంటు

బీఎస్సీ అగ్రికల్చర్ మూడో ఏడు చదువుతున్నారు. వరిని సుడిదోమ ఎలా కాల్చేస్తుందో చెప్పగలరు. నత్రజని తగ్గితే ముందు ముదురాకులు, ఇనుము తగ్గితే ముందు లేతాకులు పసుపుబడతాయని నిద్రలో లేపి అడిగినా చెప్తారు. మరి ఒక చిన్న ప్రశ్న. మీ జేబులో డబ్బుతో విత్తనం కొని, మీరే చల్లి, మీరే నీళ్లు పెట్టి, మీరే కోసి, మీరే అమ్మిన పంట ఒక్కటైనా ఉందా?

లేకపోతే సిగ్గుపడక్కర్లేదు. నాకూ మూడో ఏడు దాకా లేదు. కాలేజీ ఫారంలో ప్రాక్టికల్ అంటే ఏమిటో మీకు తెలుసు: ఇరవై మందికి ఒక మడి, కూలీలు ముందే తోలి ఉంచిన సాళ్లు, రికార్డులో ఒక బొమ్మ, కింద ఒక సంతకం. చివరి ఏడాది రావె (గ్రామీణ వ్యవసాయ పని అనుభవం) కింద పల్లెలో ఉంటారు, రైతు వెంట తిరుగుతారు. మంచిదే, తిరగండి. కానీ ఆ పంట ఆయనది. ఎండితే ఆయనకి నష్టం, మీకు మార్కులు.

మీరు రైతు కోటాలో సీటు తెచ్చుకున్నవాళ్లయినా నేను ఇదే అడుగుతాను. ఇంట్లో పదెకరాలు ఉండొచ్చు. ఏ రోజు ఏ మడికి నీళ్లు పెట్టాలో తేల్చింది మీరా, మీ నాన్నా?

బాపట్లలో చదివినా తిరుపతిలో చదివినా, రాజేంద్రనగర్‌లో ఉన్నా పొలాసలో ఉన్నా, ఈ సెమిస్టర్‌లో మీ చేత ఒక పంట వేయించాలన్నదే ఈ అధ్యాయం ఆశ. పెద్దది కాదు. మీరు అనుకుంటున్నదానికంటే చాలా చిన్నది. ఎంత చిన్నదో చెప్పేముందు నా బోల్తా కథ చెప్తాను.

నలుగురు స్నేహితులం కలిసి అరెకరం కౌలుకి తీసుకుని టమాట వేశాం. ప్రాజెక్టు రిపోర్టు ముందే రాసేశాం, ఎకరానికి ఇంత దిగుబడి, కిలో ఇంత ధర, లాభం ఇంత అని. నాట్లు వేసిన రోజు ఫొటోలు దిగాం. కాయ పండే సమయానికి సెమిస్టర్ పరీక్షలు మీద పడ్డాయి. పన్నెండు రోజులు పొలం మొహం చూడలేదు. పరీక్షలయ్యాక వెళ్తే సగం కాయ కిందపడి కుళ్లింది, మిగతా సగానికి మార్కెట్లో కోత కూలి కూడా గిట్టని ధర. అసలు చెట్లు ఎండకుండా ఎలా ఉన్నాయా అని చూస్తే, పక్క చేను పెద్దాయన మాకు చెప్పకుండానే రెండుసార్లు నీళ్లు తిప్పాడు. "చదువుకునే పిల్లలు కదా, మర్చిపోయుంటారనుకున్నా" అన్నాడు. ఆ మాట తిట్టుకంటే గట్టిగా తగిలింది.

తప్పు ఎక్కడ జరిగింది? తెగుళ్ల దగ్గరా? కాదు. అరెకరం అనుకున్నాం చూశారూ, అక్కడ.

1. నీళ్ల బకెట్లతో భూమి కొలవండి

ఎంత భూమి కావాలి? చాలామంది ఉత్సాహాన్ని బట్టి చెప్తారు. ఎకరం అనేవాళ్లున్నారు, రెండెకరాలు అనేవాళ్లున్నారు. ఉత్సాహాన్ని పక్కన పెట్టి లెక్క వేద్దాం.

మామూలు రోజుల్లో మన దగ్గర పైరుకి రోజుకి సుమారు 5 మిల్లీమీటర్ల నీరు కావాలి. ఎండాకాలం అయితే ఇంకా ఎక్కువ. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. సెంటు అంటే సుమారు 40 చదరపు మీటర్లు. అంటే సెంటుకి రోజుకి 200 లీటర్లు. పదిహేను లీటర్ల బకెట్‌తో పదమూడు, పద్నాలుగు బకెట్లు.

ఇప్పుడు మీ హాస్టల్ వెనక కుళాయి నుంచి ఇరవై అడుగుల దూరానికి పద్నాలుగు బకెట్లు మోసి చూడండి. ఈ పుస్తకం కింద పెట్టి ఇవాళే మోయండి. చేతులు లాగుతున్నాయా? అదీ ఒక సెంటు. మేం తీసుకున్న అరెకరానికి ఇదే లెక్కన రోజుకి 10,000 లీటర్లు. మోటారు ఉంది కదా అనుకున్నాం. కరెంటు వేళలు, బోరు వంతులు, పగిలిన పైపు మా రిపోర్టులో లేవు.

కాబట్టి మొదటిసారి ఒక సెంటు. తెలంగాణ వాళ్లకి గుంటల్లో చెప్పాలంటే గుంట రెండున్నర సెంట్లు గనక అర గుంట చాలు, అదీ కాస్త ఎక్కువే. "ఒక సెంటేంటి సార్, పెరటి తోటా?" అని మొహం చిట్లించకండి. సెంటులో వచ్చే సమస్యలన్నీ ఎకరంలో వచ్చేవే. వచ్చే నష్టం మాత్రం మీ నెల పాకెట్ మనీ దాటదు.

2. నడిచి వెళ్లేంత దూరంలోనే

పొరుగూరి వ్యవసాయం తనను తినేదే గానీ తాను తినేది కాదని పెద్దలు ఊరికే అనలేదు. హాస్టల్ నుంచి పొలానికి నడక పది నిమిషాలు దాటితే మొదటి వారం రోజూ వెళ్తారు, రెండో వారం రోజు విడిచి రోజు, మూడో వారం ఆదివారం. మంచి నేల, మంచి బోరు, ఎనిమిది కిలోమీటర్ల దూరం అని ఎవరైనా చూపిస్తే దండం పెట్టి వచ్చేయండి. కాలేజీ గోడ పక్కన సగం రాళ్లున్న నేల దానికంటే నయం.

అమ్మాయిలకి ఇది ఇంకా ముఖ్యం. హాస్టల్ గేటు సాయంత్రం తొందరగా మూస్తారు కాబట్టి మీ పని తెల్లవారాకే పెట్టుకోవాలి. క్యాంపస్ లోపల దొరికే మూల అయితే అందరికంటే మీకే మేలు. పాములకీ వానాకాలం పిడుగులకీ మగా ఆడా తేడా లేదు గానీ, ఎవరైనా సరే ఇద్దరుగా వెళ్లండి. ఫోన్లో మేఘదూత్, దామిని పెట్టుకోండి. మొదటిది వాతావరణం, పంట సలహా చెప్తుంది. రెండోది దగ్గర్లో పిడుగులు పడే ప్రమాదాన్ని హెచ్చరిస్తుంది.

3. భూమి అడగడం ఒక విద్య

ఇద్దరు కుర్రాళ్లు ఒక రైతు దగ్గరికి వెళ్లారనుకుందాం. మొదటివాడు ఇలా అన్నాడు: "సార్, మేము అగ్రికల్చర్ స్టూడెంట్స్. సస్టైనబుల్ ఫార్మింగ్ మీద ఒక ప్రాజెక్టు చేయాలనుకుంటున్నాం, మీ సపోర్ట్ కావాలి." రైతు వాణ్ని ఎగాదిగా చూసి, "ఏ బ్యాంకు బాబూ మీది?" అన్నాడు.

రెండోవాడు వారం ముందు నుంచే ఆ దారిన పోతూ పలకరిస్తున్నాడు. ఒక రోజు మిరప నారుకి నీళ్లు పెడుతుంటే కాసేపు పార పట్టాడు. తర్వాత అడిగాడు: "బాబాయ్, బోరు పక్కన ఆ మూల సెంటు ఖాళీగా ఉంది గదా. మూడు నెలలు నాకిస్తారా? ఆకుకూరలు వేసుకుంటా. మార్చి పదికల్లా చదును చేసి అప్పజెప్తా. మీ నీళ్లయ్యాకే నేను పెట్టుకుంటా."

"అక్కడ తుంగ ఉందిరా అబ్బాయ్, నీ వల్ల కాదు."

"పీకుతా బాబాయ్."

"పీకు చూద్దాం."

ఒప్పందం అయిపోయింది. రెండోవాడి మాటలో ఏముందో చూడండి. ఎంత భూమి, ఎన్ని నెలలు, ఏ పంట, ఎప్పుడు ఖాళీ చేస్తాడు, నీళ్ల సంగతేమిటి. రైతుకి అసలు భయం మీరు పంట పాడుచేస్తారని కాదు. భూమిలో దిగినవాడు రేపు కౌలు కాగితం అడుగుతాడేమో, కదలనంటాడేమో అన్నది. ఖాళీ చేసే తేదీ అడక్కుండానే మీ నోట వస్తే సగం భయం అక్కడే పోతుంది.

కాలేజీ ఫారంలో అడుగుతారా? అయితే ముందు మీ అడ్వైజర్‌కి చెప్పి, ఆయన ద్వారా ఒక పేజీ అర్జీ పెట్టండి. అదే పద్ధతి: కొలత, పంట, మొదలు, ముగింపు. మంచి మడి అడగకండి. పరిశోధన ప్లాట్ల మధ్య మీకు చోటివ్వరు, ఇవ్వకూడదు కూడా. పనికిరాదని వదిలేసిన మూల అడిగితే ఫారం సూపరింటెండెంట్‌కి కాదనడానికి కారణం దొరకదు. అన్నట్టు, ఫారంలో ఏళ్లుగా పనిచేస్తున్న కూలీ అమ్మలతో ముందే స్నేహం చేసుకోండి. ఏ మూల నీరు నిలుస్తుందో, ఎక్కడ చెదలు ఎక్కువో భూసార పరీక్ష కాగితం మీద ఉండదు. వాళ్లకి తెలుసు.

4. పరీక్ష తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి

రైతు కార్తెలు చూసి విత్తుతాడు. రోహిణి కార్తెలో దుక్కి, మృగశిరలో వానలు. మీకు కార్తెలతో పాటు ఇంకో పంచాంగం ఉంది. సెమిస్టర్ పరీక్షల టైమ్ టేబుల్. అది చూడకుండా విత్తనం కొనకండి.

పరీక్షల మొదటి రోజు రాసుకోండి. అందులోంచి పది రోజులు తీసేయండి. ఆ రోజుకి మీ పొలంలో ఏమీ ఉండకూడదు. అక్కడి నుంచి పంట కాలం వెనక్కి లెక్కపెడితే విత్తే రోజు వస్తుంది.

తోటకూర 25 నుంచి 30 రోజుల్లో కోతకొస్తుంది. మెంతికూర కూడా దాదాపు అంతే. పాలకూర మొదటి కోతకి ఐదారు వారాలు, తర్వాత మళ్లీ చిగురిస్తుంది. కొత్తిమీరకి 40 నుంచి 45 రోజులు. ఇవన్నీ సెమిస్టర్‌లో ఇమిడేవి. బెండ? సుమారు 45 రోజులకి కాపు మొదలవుతుంది, కానీ అక్కడి నుంచి రోజు విడిచి రోజు కోయాలి. సంక్రాంతికి ఇంటికెళ్లి ఐదు రోజులకి వచ్చారంటే చెట్టు నిండా ముదిరిన కాయలే. ముదిరితే ధర పోవడమే కాదు, చెట్టు కొత్త పూత తగ్గిస్తుంది. బెండ రెండోసారికి ఉంచుకోండి. టమాట, మిరప, పసుపు, అరటి మీ డిగ్రీ అయ్యాక.

డ్రాగన్ ఫ్రూట్, స్ట్రాబెరీ, విదేశీ లెట్యూస్ సంగతి? యూట్యూబ్‌లో చూసే ఉంటారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి కానక్కర్లేదు మొదటి పంటలో. పక్క చేలో ఏం వేశారో అది వేస్తే, తేడా వచ్చినప్పుడు అడగడానికి మనిషైనా ఉంటాడు.

5. కొనేవాళ్లని విత్తకముందే కలవండి

పండించాక అమ్ముదాంలే అనుకోవడం మన వాళ్లందరూ చేసేదే, తాతల నాటి నుంచీ. మీరు మాత్రం విత్తనాల కొట్టుకి వెళ్లకముందు కూరగాయల బండి అమ్మ దగ్గరికి వెళ్లండి.

"అమ్మా, తోటకూర కట్ట ఎంతకి తీసుకుంటారు?"

ఆమె ధర చెప్పదు. ఎదురు అడుగుతుంది: "రోజుకి ఎన్ని కట్టలు తెస్తావు? ఎన్నాళ్లు తెస్తావు?"

ఈ రెండు ప్రశ్నలతో మీ ప్లాను మొత్తం మారిపోతుంది. సెంటు మొత్తం ఒకేరోజు చల్లితే ఒకేరోజు వందకి పైగా కట్టలు చేతికొస్తాయి. ఆమెకి కావాల్సింది రోజుకి పది. మిగతావి సాయంత్రానికి వాడిపోతాయి. అందుకే సెంటుని నాలుగు మడులు చేయండి. వారానికొక మడి చల్లండి. అప్పుడు మొదటి మడి కోతకి వచ్చే నాటికి నాలుగోది మొలక దాటి ఉంటుంది, మీరు నెలరోజుల పాటు ఆమెకి నమ్మకమైన మనిషవుతారు. ఈ ఒక్క మార్పు చేస్తే మీ ప్రాజెక్టు బతికినట్టే.

రైతు బజారుకి వెళ్లండి, కానీ అమ్మడానికి కాదు. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ బజార్లలో కూర్చుని అమ్మాలంటే రైతుగా గుర్తింపు కార్డు కావాలి. మీకు లేదు. అయినా వారానికోసారి పొద్దున్నే వెళ్లి ధరల బోర్డు చూసి నోట్‌బుక్కులో రాసుకోండి. ఏ కట్ట ముందు అమ్ముడుపోతోంది? వేళ్లతో పీకినదా, కోసినదా? కట్ట ఎంత లావుంది? ఎనిమిది వారాల ధరలు మీ చేతిలో ఉంటే మార్కెటింగ్ పాఠం చెప్పే సారుకే మీరు నాలుగు సంగతులు చెప్పగలరు.

హాస్టల్ మెస్, అధ్యాపకుల క్వార్టర్లు దగ్గరి మార్కెట్. అడగండి. కానీ అందరూ మొహమాటానికి కొంటున్నారా, మళ్లీ కావాలని కొంటున్నారా అన్నది రెండో వారం తెలుస్తుంది.

6. ఎంతమంది కలిసి?

ఇద్దరు. మహా అయితే ముగ్గురు.

పదిమంది చేతిలో పాము చావదు. ఐదుగురు కలిస్తే ఐదుగురూ ఇంకెవరో నీళ్లు పెట్టి ఉంటారనుకుంటారు. ఇద్దరైతే ఎవరు పెట్టలేదో ఇద్దరికీ తెలుసు. మొదటి రోజే రెండు విషయాలు కాగితం మీద రాసుకోండి: ఏ రోజు ఎవరి వంతు, దసరా సెలవుల్లో ఎవరు ఉంటారు. డబ్బు ఎవరు ఎంత పెట్టారో, మధ్యలో ఒకరు మానేస్తే ఏమవుతుందో కూడా రాసుకుంటే ఇంకా మంచిది. స్నేహితుల మధ్య కాగితమేమిటని నవ్వుతారా? మా టమాట తోట తర్వాత నలుగురిలో ఇద్దరు ఏడాది మాట్లాడుకోలేదు. పోయిన డబ్బు మనిషికి రెండు వేల లోపే.

7. నేల, విత్తనం

ఇది మీకు పాఠంలో ఉన్నదే కాబట్టి తొందరగా చెప్పేస్తాను. గట్టు పక్కన, చెట్టు కింద, ఎరువు కుప్ప వేసిన చోట వదిలేసి, వంకరటింకరగా ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతు 'వి' ఆకారంలో తవ్వి మట్టి తీయండి. కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు వదిలేస్తూ అర కిలో మిగిల్చి పరీక్షకి ఇవ్వండి. సెంటుకి ఇదంతా ఎందుకంటారా? సెంటు కోసం కాదు, మీ చేయి తిరగడం కోసం.

విత్తనం మాత్రం ఊరికే నమ్మకండి. వంద గింజలు తడి గుడ్డలో చుట్టి పెట్టి, వారంలో ఎన్ని మొలిచాయో లెక్కపెట్టండి. డెబ్బై మొలిస్తే ఆ లెక్కన గింజ ఎక్కువ వాడాలి, నలభై మొలిస్తే ప్యాకెట్టు తీసుకెళ్లి కొట్లో చూపించాలి. ధనియాలు చేత్తో నలిపి రెండు బద్దలు చేశాకే చల్లాలి. తోటకూర గింజ ఆవగింజ కంటే సన్నం, ఇసుకలో కలిపి చల్లకపోతే ఒకచోట దుబ్బుగా, ఒకచోట బోడిగా వస్తుంది. చల్లిన మర్నాడు చీమలు బారులు తీరి మీ గింజలు మోసుకుపోతుంటాయి. మడి చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. ఇది ఏ ప్రశ్నపత్రంలోనూ రాలేదు.

8. పక్కన ఒక మడి ఏమీ చేయకుండా వదలండి

రైతుకి లేని అవకాశం మీకొకటి ఉంది. ఆయన పొలంలో సగం ప్రయోగానికి వదిలితే ఇంట్లో తిండికి లోటు. మీకు లేదు. అందుకే మీరు నేర్చుకున్న రాండమైజ్డ్ బ్లాక్ డిజైన్‌ని పరీక్ష హాల్లోంచి బయటికి తీసుకురండి.

ఉదాహరణకి జీవామృతం పోస్తే తోటకూర బాగా వస్తుందా? వాట్సాప్‌లో ఎవరో వస్తుందన్నారు, సార్ తేలలేదన్నారు. వాదించుకోవడం దేనికి, పోసి చూడండి. చాలామంది చేసే తప్పు ఏమిటంటే ఒక మడికి పోసి, ఒక మడికి పోయకుండా చూస్తారు. పోసిన మడి బాగుంటే జీవామృతం గొప్ప అంటారు. ఆ మడి నీళ్ల కాలువ పక్కనే ఉన్న సంగతి మర్చిపోతారు.

ఆరు చిన్న మడులు చేయండి. పక్కపక్క రెండేసి, మూడు జతలు. ప్రతి జతలో ఏ మడికి పోయాలో బొమ్మా బొరుసూ వేసి తేల్చండి. పోయని మడికి అంతే కొలత మామూలు నీళ్లు పోయండి. లేకపోతే మీరు కొలుస్తున్నది జీవామృతాన్ని కాదు, దానిలో ఉన్న తడిని. విత్తనం, తేదీ, కోత అన్నిటికీ ఒకటే. కోసిన ప్రతి మడి విడిగా తూచండి. మూడు జతల్లోనూ ఒకే వైపు మొగ్గితే ఏదో ఉందని అర్థం. రెండు ఇటూ ఒకటి అటూ అయితే? ఏమీ తేలలేదని రాసుకోండి. ఏమీ తేలలేదని ధైర్యంగా రాయగలిగిన విద్యార్థిని నేను ఏ ర్యాంకు వాడికన్నా ఎక్కువ గౌరవిస్తాను.

ఆకుకూరలు వారంవారం చల్లాలన్నాను కదా, ఈ ప్రయోగం ఎలా కుదురుతుందంటారా? మంచి ప్రశ్న. రెండూ ఒకేసారి వద్దు. మొదటి విడత అమ్మకం, రెండో విడత ప్రయోగం.

9. పురుగు పట్టింది. ఇప్పుడు?

పడుతుంది. తోటకూరకి ఆకుల మీద చిల్లులు, ఆకు గూళ్లు, మెంతికి నారు కుళ్లు. చాలామంది ఫొటో తీసి గ్రూపులో పెట్టి, ఎవరో చెప్పిన మందు మధ్యాహ్నానికి కొట్టేస్తారు. ఒక్క నిమిషం ఆగండి. ఆకు వెనక చూశారా? ఎన్ని మొక్కల్లో ఎన్నింటికి ఉంది? నూటికి ఐదు మొక్కలైతే ఆ ఐదూ పీకేయడమే మందు. సెంటులో అది పావుగంట పని.

ఆకుకూర మీద రసాయన మందు వద్దే వద్దు. మీరు కోసేది ఆకు, కొట్టేదీ ఆకు మీదే, మధ్యలో ఉన్నది పట్టుమని పది రోజులు. మందు డబ్బా మీద రంగు త్రికోణం చూడటం మాత్రం ఇప్పుడే అలవాటు చేసుకోండి: ఎరుపు అతి ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, చివర ఆకుపచ్చ. మీ సెంటుకి వేప కషాయం చాలు. వేప గింజల పప్పు 5 కిలోలకి 100 లీటర్ల నీళ్లు, అంటే 5 శాతం. మీకు కావాల్సింది పది లీటర్లు గనక పప్పు అర కిలో. దంచి, రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టి, కొద్దిగా సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి.

10. ఇద్దరే చదివే నోట్‌బుక్కు

మీరూ, మీ జతగాడూ. అందుకే అందులో అబద్ధం ఉండకూడదు. రోజూ రెండు లైన్లు: ఏం చేశాం, ఎంతసేపు, ఎంత ఖర్చు. మీ సొంత పనికి గంటలు రాయడం మర్చిపోవద్దు, అందరూ మర్చిపోయేది అదే.

లెక్క ఎలా ఉంటుందో చూపించడానికి అంకెలు నేనే వేస్తున్నాను. విత్తనం 60 రూపాయలు, పశువుల ఎరువు 200, వేపపిండి 90, బండికి పెట్రోలు 240. మొత్తం 590. కట్టలు 160, ఒక్కోటి 5 రూపాయల చొప్పున 800. మిగిలింది 210. మీరు పెట్టిన గంటలు 22. గంటకి తొమ్మిదిన్నర రూపాయలు!

నవ్వొచ్చిందా, ఏడుపొచ్చిందా? ఏదైనా సరే, ఆ లెక్కని మళ్లీ చూడండి. అన్నిటికంటే పెద్ద ఖర్చు ఎరువు కాదు, పెట్రోలు. రెండో సూత్రంలో నడిచి వెళ్లమని ఎందుకు గోల పెట్టానో ఇప్పుడు తెలిసిందా? నడిచి వెళ్తే గంట కూలి రెట్టింపు దాటుతుంది. ఏ పాఠ్యపుస్తకమూ మీకు ఇలా చెప్పదు, మీ చేతిరాతే చెప్తుంది.

ఇంట్లో నాన్న ఏమంటాడోనన్న బెంగ కూడా ఈ నోట్‌బుక్కే తీరుస్తుంది. "నేను మట్టిలో చస్తున్నది చాలదా, నిన్ను చదివిస్తోంది ఉద్యోగానికి" అంటాడు ఆయన. వాదించకండి. సెలవులకి వెళ్లినప్పుడు నోట్‌బుక్కు చేతికివ్వండి. పేజీలు తిప్పుతూ ఎక్కడో ఆగి, "ఎరువు ఇంతెందుకు కొన్నావురా, మన పేడ పట్టుకుపోవచ్చుగా" అంటాడు. ఇక ఇబ్బంది లేదు.

భూమి అసలు దొరక్కపోతే

రెండు దారులున్నాయి. ఒకటి వర్మీ కంపోస్ట్. నీడ ఉన్న చోట మూడడుగుల వెడల్పు బెడ్డు, సగం మాగిన పేడ, ఎండుటాకులు, వానపాములు. రెండు నెలల్లోపు ఎరువు చేతికొస్తుంది. పచ్చి పేడ వేశారో, ఆ వేడికి వానపాములు చస్తాయి లేదా పారిపోతాయి. నూటికి తొంభై మంది మొదటిసారి చేసే తప్పిదే అని నా అనుభవం.

రెండోది ముత్యపు చిప్ప పుట్టగొడుగులు. ఎండు వరిగడ్డి ముక్కలు నానబెట్టి, వేడినీళ్లలో శుద్ధి చేసి, ఆరబెట్టి, సంచుల్లో పొరలు పొరలుగా విత్తనంతో నింపి చీకటి గదిలో పెడితే రెండు మూడు వారాల్లో సంచి తెల్లగా అల్లుకుంటుంది. అప్పుడు గాలి, వెలుతురు, తేమ ఇవ్వాలి. మన కోస్తాలో ఎండాకాలం దీని జోలికి పోకండి, నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. సంచిలో పచ్చ బూజు కనిపిస్తే తీసి దూరంగా పారేయండి. ఆ బూజు చాలాసార్లు ట్రైకోడెర్మానే. పొలంలో కుళ్లు తెగుళ్లకి మనం కొని మరీ చల్లే మిత్రుడు ఇక్కడ దొంగ. హాస్టల్ గదిలో పెంచుతామని మాత్రం అనుకోకండి. వార్డెన్ సంగతి అటుంచి, ఆ బీజరేణువులు పీల్చుకుంటూ పడుకుంటే దగ్గు పట్టుకుంటుంది.

ఈ ఆదివారం ఏం చేస్తారు?

పొద్దున ఆరింటికి టేపు, నోట్‌బుక్కు పట్టుకుని బయటికెళ్లండి. నడక దూరంలో నీళ్లున్న ఖాళీ మూలలు మూడు చూడండి. ఎవరివో కనుక్కోండి. తిరిగొచ్చేటప్పుడు కూరగాయల బండి దగ్గర ఆగండి. విత్తనం మాత్రం ఇవాళ కొనొద్దు. ఆరంభ శూరత్వమంతా విత్తనాల కొట్లోనే ఖర్చయిపోతుంది.

పదిహేను రోజుల్లో నేల దొరికి, ఆ తర్వాత నెలకి మొదటి మడి కోతకొచ్చిందనుకుందాం. మొదటి రోజు సాయంత్రం కోసి, తడి గోనె కప్పి, తెల్లారి ఐదింటికి బండి దగ్గరికి తీసుకెళ్లండి. దానికంటే ముందు ఒక కట్ట పక్కన తీసి పెట్టండి. భూమి ఇచ్చిన బాబాయి ఇంటికెళ్లి పిన్ని చేతిలో పెట్టండి. డబ్బు ఇవ్వబోతే తీసుకోకండి. నోట్‌బుక్కులో మాత్రం, కౌలు కింద ఐదు రూపాయలు అని రాసుకోండి.